వికారాబాద్ పరీక్షలో ఆఖరి పేషెంటు

మన దిక్కు పేషెంట్లకు మర్యాద ఎక్కువ. ఆప్టోమెట్రీ నేర్పే ఉద్యోగంలో నాకు ఎదురైన మొదటి కష్టం అదే.

కళ్లు పరీక్షించేటప్పుడు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతాం కదా. పుస్తకాల్లోని పేషెంటు వెంటనే "మొదటిది" అనో "రెండోది" అనో చెప్పేస్తాడు. వికారాబాద్ పేషెంటు అట్లా చెప్పడు. "రెండూ మంచిగనే ఉన్నయ్ బిడ్డా, నువ్వు పరేషాన్ కాకు" అంటాడు. పాపం పొద్దున్నుంచీ నిలబడి అద్దాలు మారుస్తున్న పిల్ల, దీని మనసు నొప్పించడం ఎందుకని ఆయన ఆలోచన. ఆ మర్యాదను దాటి కంట్లో ఉన్న అసలు సంగతి రాబట్టడమే మేం నేర్పే చదువు. మిగతాదంతా లెక్కలు.

ఈ మధ్య క్లినిక్కుల్లో పాఠాలు చెప్పడానికి కుదురుకున్న కుర్రవాళ్లు మా ఇంటికి వస్తుంటారు. "మీ కాలంలో మెషిన్లు లేవు కదా మేడం, తప్పులు ఎక్కువ పడేవా?" అని అడుగుతారు. పడేవి. వాటిలో ఒక తప్పు నాకు ఇప్పటికీ ఇష్టం. అది చెబుతాను.

అరవైల తొలిరోజులు. హైదరాబాదులో మా కోర్సు మొదలై కొన్నేళ్లే అయింది. మాది మర్పల్లి. మిషన్ స్కూల్లో చదువుకొని, పట్నం పోయి, కళ్ల పరీక్ష నేర్చుకొని, అక్కడే చిన్న అధ్యాపకురాలిగా చేరాను. వారానికోసారి విద్యార్థులను వెంటబెట్టుకొని ప్యాసింజర్ బండిలో వికారాబాద్ వచ్చేదాన్ని. స్టేషన్‌కు దగ్గర్లో రెండు గదుల ఇల్లు, ముందు పొడుగాటి వరండా. అదే మా క్లినిక్కు. నెలకోసారి అక్కణ్నుంచి తాండూరు పోయి అక్కడి బడిలో క్యాంపు పెట్టేవాళ్లం. బండలు కొట్టేవాళ్లు, కందులు చెరిగే ఆడవాళ్లు, సరిహద్దు దాటి కన్నడం మాట్లాడుతూ వచ్చే రైతులు, అందరూ ఒకే వరుసలో కూర్చునేవారు.

మా విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. ఆయన్ను అందరం పెద్దసారు అనేవాళ్లం. హైదరాబాదులోనే పుట్టి పెరిగినవాడు. ఇస్త్రీ నలగని షేర్వాణీ, నున్నగా దువ్విన జుట్టు, క్లాసులోకి వస్తే గోడమీది బల్లి కూడా సర్దుకొని కూర్చునేది. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆడపిల్ల పల్లెటూరి క్యాంపులు తిరుగుతుందా అని పైవాళ్లు సందేహిస్తే, "మీరు తిరుగుతరా మరి?" అని అడిగి నోరు మూయించాడట.

అంత మంచి గురువుకు ఒకటే లోపం. ఆయనకు చత్వారం వచ్చింది. వచ్చిన సంగతి ఆయనకు తప్ప కాలేజీలో అందరికీ తెలుసు.

పేపరు చదవడానికి చేతులు చాచేవాడు. చేతులు సరిపోకపోతే బల్లమీద పెట్టి కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు. హోటల్లో టిఫిన్ల పలక చూసి, "నీకేం కావాలో నువ్వే చెప్పు, నాకూ అదే" అనేవాడు. ఆ లెక్కన ఆయన నా వల్ల కొన్నేళ్లపాటు ఉప్మా తిన్నాడు. ఎవరైనా చిన్న అక్షరాల కాగితం ముందు పెడితే వెలుతురు బాగాలేదనేవాడు. వెలుతురు బాగుంటే అచ్చు బాగాలేదనేవాడు. రెండూ బాగుంటే, "తర్వాత చూస్త, అక్కడ పెట్టు" అనేవాడు.

మాతో పాటు క్లినిక్కుకు వచ్చే అద్దాల మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. పెద్దసారు అవస్థ చూడలేక ఒకసారి ఆయనే అంచనా వేసి చక్కని కళ్లజోడు చేశాడు. సారు బల్లమీద ఎవరూ చూడకుండా పెట్టి వచ్చాడు. పావుగంట తర్వాత పెద్దసారు ఆ జోడు పట్టుకొని బయటికి వచ్చి, "ఎవరో పేషెంటు మర్చిపోయిండు పాపం, చూపు ఆనక ఎక్కడ తిప్పలు పడుతుండో. దొరికితే ఇచ్చెయ్యి" అని మిస్త్రీ చేతికే ఇచ్చాడు.

"ఆ పేషెంటు నాకు మస్తు యాదికున్నడు సార్" అన్నాడు మిస్త్రీ.

ఇక మా విద్యార్థుల సంగతి. ఆ ఏడు చివరి పరీక్షకు మిగిలింది నలుగురు. ముగ్గురు పట్నం అబ్బాయిలు. నాలుగో మనిషి తాండూరు అవతల, బషీరాబాద్ దిక్కు నుంచి వచ్చిన అమ్మాయి. ఇంట్లో తెలుగు, పొలంలో కన్నడం, బజార్లో ఉర్దూ. మూడు భాషలొచ్చిన పిల్ల, కానీ క్లాసులో ఒక్క భాషలోనూ నోరు విప్పేది కాదు. పనిలో కూడా నెమ్మది. పరీక్ష అద్దాల పెట్టె తెలుసు కదా మీకు. వరసగా గూళ్లు, ఒక్కో గూట్లో ఒకే నంబరువి రెండు అద్దాలు, ప్రతి అద్దానికీ చిన్న పిడి, దానిమీద చీమ కాళ్లంత అంకె చెక్కి ఉంటుంది. మగపిల్లలు గూడు చూసి చటుక్కున అద్దం లాగేవారు. ఈ పిల్ల మాత్రం ప్రతి అద్దాన్నీ ఎత్తి, పిడిమీద అంకె చదివి, అప్పుడు పెట్టేది.

"ఏం బిడ్డా, అద్దాలతో ముచ్చట పెడుతున్నవా?" అని పేషెంట్లు నవ్వేవాళ్లు.

అయినా ఆడవాళ్లంతా ఆమె వరుసలోకే పోయేవారు. మగపిల్లలు మొహం దగ్గరికి వస్తే కొంగు అడ్డం పెట్టుకునే ముసలమ్మలు, ఈమె ముందు కూర్చొని కోడళ్ల సంగతులు కూడా చెప్పేవారు. వికారాబాద్ క్లినిక్కు అప్పటికి వారానికోసారి తెరిచేదే. అక్కడే ఉండి రోజూ నడిపే మనిషి దొరికితే నిలుపుతామనీ, లేకపోతే వచ్చే ఏటినుంచి మూసేస్తామనీ యూనివర్సిటీ వాళ్లు చెప్పేశారు. పట్నం పిల్లలు మేం ఉండం అనేశారు. ఈ అమ్మాయి ఉంటానంది. పరీక్ష పాసైతే క్లినిక్కు ఉంటుంది, తప్పితే ఆమెతో పాటు అదీ పోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పరీక్ష ముందు వారమంతా ఆమెకంటే నేనే తక్కువ నిద్రపోయాననుకుంటా.

చివరి పరీక్ష వికారాబాద్‌లోనే పెట్టాలని పెద్దసారు పట్టుబట్టాడు. పట్నంలో పరీక్షకు వచ్చే పేషెంట్లు ఏటేటా వచ్చి వచ్చి, గోడమీది అక్షరాల పట్టికను కళ్లు మూసుకొని అప్పజెప్పే స్థాయికి చేరారని ఆయన ఫిర్యాదు. అందుకని తాండూరు నుంచి కొత్త పేషెంట్లను పొద్దుటి బండికి రప్పించాం.

పద్ధతి సులువైనదే. విద్యార్థి పేషెంటును పరీక్షించి, ఒక కంటికి దూరపు చూపు నంబరు చెప్పాలి. అప్పుడు పెద్దసారు ఆ అద్దం తీయించి, తనే పెట్టెలోంచి ఆ నంబరు అద్దం తీసి పేషెంటుకు పెడతాడు. తలుపులోంచి కనబడేలా వరండా చివర వేలాడదీసిన పట్టికలో కింది వరుస చదివితే పాసు. చదవలేకపోతే, మళ్లీ ఏడాది.

ముగ్గురు మగపిల్లలూ టకటకా చేసేశారు. వాళ్లలో చురుకైనవాడైతే పేషెంటు కుర్చీలో సరిగ్గా సర్దుకోకముందే నంబరు చెప్పేశాడు. చేతిలో అద్దాలన్నీ గబగబా గూళ్లలోకి తోసేసి లేచాడు. ముగ్గురూ పాసయ్యారు. స్టేషన్ దగ్గర హోటల్లో మిర్చీలు తినడానికి పోయారు.

అమ్మాయికి వచ్చిన పేషెంటు తాండూరు బజారు దర్జీ. రవికలు కుట్టడంలో పేరున్నవాడట. ఈ మధ్య చూపు చెదిరి, కుట్లు వంకరపోతుంటే గిరాకీ పక్క దుకాణానికి తరలిపోతోందని వచ్చీ రాగానే చెప్పుకున్నాడు. మనిషి మహా మర్యాదస్థుడు.

"గిది మంచిగుందా, గది మంచిగుందా?" అని అమ్మాయి అడిగితే, "నువ్వు ఏది పెడితే గదే మంచిగుంటది తల్లీ" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "కాకా, నీ దగ్గరికొచ్చి రవిక కుట్టించుకున్నామె, బిగుతైనా వదులైనా మంచిగనే ఉన్నదంటే నీకెట్లుంటది?"

దర్జీ కాసేపు ఆలోచించాడు. "కాలుతది" అన్నాడు. ఆ తర్వాతి నుంచి ఒక్కో అద్దానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పుకొచ్చాడు. నేను కిటికీ దగ్గర నిలబడి, ఈ పిల్లకు నేర్పడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు అనుకున్నాను.

ఆమె ఆలస్యంగానే అయినా నంబరు చెప్పింది. "ఒకటిన్నర సార్." తన అద్దం తీసి చేతిలో పట్టుకుంది. పెద్దసారు పెట్టె వైపు వంగకుండానే, ఏళ్ల అలవాటు మీద చెయ్యి చాచి, ఒకటిన్నర గూట్లో మిగిలిన అద్దం తీసి దర్జీకి పెట్టాడు.

"చదువు."

దర్జీ వరండా చివరకు చూశాడు. మెడ ముందుకు చాచాడు, వెనక్కి తీశాడు.

"ఏమైంది? కనిపిస్తలేదా?"

"అద్దం మంచిగనే ఉంది సార్" అన్నాడు దర్జీ. "అక్షరాలే జర రొట్టెల్లెక్క ఉబ్బినయ్."

పెద్దసారు మొహం చిన్నబోయింది. కోపం కాదు, నొచ్చుకోవడం. ఆయనకు ఆ పిల్ల అంటే ఇష్టమే. "ఎందుకమ్మా ఇట్ల చేసినవ్? ఇంతసేపు కూసోబెట్టి తప్పు నంబరు చెప్పినవ్. ఏం చేస్త నేను? రూలు రూలే. వచ్చే ఏడు కూసో."

అమ్మాయి కదల్లేదు. ఏడుస్తుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఏడవలేదు.

"సార్, నేను పెట్టింది గది కాదు."

"ఒకటిన్నర అన్నవా లేదా?"

"అన్న సార్."

"నేను ఒకటిన్నరే పెట్టిన కదా."

ఆమె గొంతు ఇంకా తగ్గింది. "సార్, మీరు పెట్టిన అద్దం పిడి మీద అంకె ఒక్కసారి చదువుండ్రి."

మిస్త్రీ చేతిలో ఉన్న ఫ్రేమును అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో పెద్దసారుతో ఎవరూ అనని మాట అది. ఆమె దురుసుగా అనలేదు. నిజంగా చదవమనే అడిగింది, ఎందుకంటే తనైతే చదువుతుంది కాబట్టి.

పెద్దసారు దర్జీ కంటి ముందునుంచి అద్దం తీశాడు. చెయ్యి బారెడు చాచాడు. కిటికీ దగ్గరికి నడిచాడు. మిట్టమధ్యాహ్నం, బయట ఎండకు స్టేషన్ పట్టాలు మెరుస్తున్నాయి. అక్కడ నిలబడి అద్దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "వెలుతురు..." అని మొదలుపెట్టి, ఆ ఎండలోకి చూసి, మాట ఆపేశాడు.

తర్వాత అద్దాన్ని నాకు అందించాడు. "మీరు చదవండి మేడం."

నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషి. నా చేతిలో ఉన్నది గోరంత పిడి. ఆయన నా మొహం చూడలేదు, పట్టాల వైపే చూస్తున్నాడు. చదివాను.

"మూడున్నర సార్."

చురుకైన పిల్లవాడు తొందరలో తోసిన అద్దం అది. ఒకటిన్నర జతలో ఒకటి పోయి మూడున్నర గూట్లో హాయిగా కూర్చుంది. దాని చోట్లోకి ఇది వచ్చింది. అమ్మాయి తన చేతిలో ఉన్న అద్దాన్ని దర్జీకి పెట్టింది. ఆయన కింది వరుసంతా గడగడా చదివి, అడగకపోయినా పై వరుసలు కూడా చదివి, "గిప్పుడు కుదిరినయ్ సార్. గుండీ పెట్టినట్టు కుదిరినయ్" అన్నాడు. ఆ వెంటనే పెద్దసారు ఏమనుకుంటాడోనని, "మీరు పెట్టినయి గూడ మంచిగనే ఉండె" అని కలిపాడు.

పెద్దసారు దర్జీ భుజం మీద చెయ్యి వేసి లేపాడు. ఆయన లేచిన కుర్చీలో తను కూర్చున్నాడు. షేర్వాణీ సర్దుకున్నాడు.

"అమ్మా, నీ పరీక్ష ఇంకా కాలే. ఇంకో పేషెంటు ఉన్నడు. చూడు."

ఆమె నా వైపు చూసింది. తల ఊపాను. పరీక్ష ఫ్రేము ఆయన ముక్కుమీద పెట్టి, చెవుల వెనక సవరించింది. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టింది. "ఏది మంచిగుంది సార్?"

ఇన్నేళ్లు మా అందరికీ పాఠం చెప్పిన నోరు తెరిచి, పెద్దసారు అన్నాడు: "రెండూ ఒకటే లెక్క ఉన్నయమ్మా."

మిస్త్రీ బయటికి పోయాడు. వరండాలోంచి దగ్గు వినిపించింది. చాలాసేపు దగ్గాడు.

"సార్, నా మనసు చూసి చెప్పకుండ్రి. మీకు ఎట్ల కనవడ్తె గట్ల చెప్పుండ్రి" అంది అమ్మాయి. ఆయన ఈసారి బుద్ధిగా చెప్పాడు. మొదటిది, రెండోది, ఇంకొంచెం, చాలు. ఆఖరికి చేతికి దగ్గరి చూపు పరీక్షించే అట్ట ఇచ్చింది. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. పట్నంలో ప్రత్యేకంగా అచ్చు వేయించిన అట్ట అది, ప్రూఫులు దిద్దింది స్వయంగా పెద్దసారే.

ఆయన పై వరుస చదివాడు. మధ్య వరుసలు చదివాడు. అన్నిటికన్నా చిన్న అక్షరాల వరుస దగ్గరికి వచ్చి, చదివి, ఆగి, మళ్లీ చదివాడు.

"'కాళ్లను పదిలంగా కాపాడుకోవలెను.' ఇదేంది? కళ్లు కదా?"

అట్టను తిప్పి వెనక కూడా చూసి, మా వైపు తిరిగాడు.

"ఎప్పటి సంది ఉన్నది ఇట్ల?"

"అచ్చేసినప్పటి సంది సార్" అన్నాను.

"మరి చదివినోళ్లు ఏమనలేదా?"

"అది చదవగలిగినవాళ్లు ఒకసారి కాళ్లు చూసుకుంటారు సార్. దాన్నిబట్టి చూపు సరిపోయిందని రాసుకుంటున్నాం."

పెద్దసారు నవ్వడం నేను ఉద్యోగంలో చేరాక అదే మొదలు చూడటం. ముందు పెదవులు, తర్వాత భుజాలు, తర్వాత ఫ్రేములోని అద్దాలు గలగలా కదిలేంతగా. నవ్వీ నవ్వీ, పరీక్ష ఫ్రేము తీయకుండానే, పెట్టె దగ్గరికి వంగి ఒక్కో అద్దం ఎత్తి చదవడం మొదలుపెట్టాడు. మూడు నాలుగు గూళ్లలో తప్పుడు అద్దాలు బయటపడ్డాయి. మొహం మళ్లీ పెద్దసారు మొహం అయిపోయింది.

"పొద్దుగాల పాసైనోళ్లు ఏడున్నరు?"

"హోటల్లో ఉన్నారు సార్."

"మిర్చీలు తినుడు అయిపోతే రమ్మను. కాకున్నా రమ్మను. నేను చూడకుంట పాస్ చేసిన, ఇప్పుడు చూసి చేస్త."

ముగ్గురూ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. మళ్లీ కూర్చున్నారు. ఇద్దరు గట్టెక్కారు. చురుకైనవాడు మాత్రం ఆ ఏడు తప్పి, మరుసటి ఏడాది పాసై, తర్వాత మంచి పేరు తెచ్చుకున్నాడు. అద్దాల పెట్టె ముట్టుకున్న ప్రతిసారీ పిడిమీద అంకె పైకి చదువుతాడని అతని శిష్యులు నాతో చెప్పి నవ్వుతారు. అమ్మాయి వికారాబాద్ క్లినిక్కులో కుదురుకుంది. దర్జీ కొత్త కళ్లజోడుతో కుట్టిన మొదటి రవిక ఆమెకే తెచ్చి ఇచ్చాడు, కొలతలు తీసుకోకుండానే సరిపోయింది. పెద్దసారు భార్య ఒకసారి కాలేజీకి వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి, "మీ సారుకు అద్దాలు పెట్టించింది ఎవరమ్మా? ఇన్నేండ్లు పెట్టింది పెట్టినట్టు తిన్నడు. ఇప్పుడు అన్నంల రాళ్లు ఏరి చూపెడుతుండు" అని వాపోయింది. అమ్మాయి పేరు చెప్పకుండా తప్పించుకున్నాను.

అయితే ఇవన్నీ తర్వాతి మాటలు. ఆ రోజు సాయంత్రం ఒకటి జరిగింది, అది చెప్పి ముగిస్తాను.

మా పట్నం బండి, ఆమె తాండూరు బండి, రెండూ దాదాపు ఒకే సమయానికి వచ్చాయి. పట్టాలకు ఇటు మేము, అటు ఆమె. పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమో, ఆ పిల్ల మొహంలో అలసట, సంతోషం రెండూ కలిసిపోయి ఉన్నాయి. పెద్దసారు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఏమ్మా! ఇంటికి పోయి ఏం చెప్తవ్?"

"పాసైన అని చెప్త సార్!"

"అది చెప్పు! ఇంకోటి గూడ చెప్పు! మా పెద్దసారుకు చత్వారం వచ్చింది, నేనే పట్టిన అని చెప్పు!"

ఆమె చేత్తో నోరు కప్పుకుంది. ప్లాట్‌ఫారమ్ మీది జనమంతా మా పెట్టె వైపు తిరిగారు. మిస్త్రీ తలపాగా మొహం మీదికి లాక్కున్నాడు. బండి కదిలింది. ఎదురుగా కూర్చున్న ఒక రైతు చాలాసేపు పెద్దసారు వెలిగిపోతున్న మొహాన్ని చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏమొచ్చింది సారూ, ప్రమోషనా?"

పెద్దసారు జేబులోంచి దస్తీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"అసువంటిదే" అన్నాడు.